ఎడమచేతి జమ్మి

మా బాపు కుడిచెయ్యి మోచేతి దగ్గర విరిగిందని మా ఊళ్లో అందరికీ తెలుసు. విరగ్గొట్టిందెవరో తెలుసు. ఏ పారతో కొట్టారో, ఆ పార ఎవరి కొట్టంలో ఏ మూలకు ఆనించి ఉందో కూడా తెలుసు. అయినా తెలియనట్టు మాట్లాడే పద్ధతి ఒకటి ఊరంతా కలిసి కనిపెట్టుకుంది. "ఆ రోజు మీ బాపు పడ్డంక..." అని మొదలుపెట్టేవాళ్లు. పడ్డాడు, అబద్ధం కాదు. పార తగిలాక ఎవరైనా పడతారు.

కొట్టింది మా పెద్దబాపు. బాపుకు సొంత అన్న కాదు, మా తాతకు అన్న కొడుకు. మా దిక్కు ఆ తేడా ఎవరూ పెద్దగా పట్టించుకోరు. బాపు ఆయన్ను "అన్నా" అంటాడు, నేను "పెద్దబాపు" అంటాను. కొట్టాక కూడా అట్లాగే అన్నాం, ఇంకో పిలుపు దొరకలేదు. తిట్లు లేక కాదు. మా ఊరి తిట్లన్నీ అవతలివాడి అమ్మనాన్నల మీదికి పోతాయి, ఆయన అమ్మనాన్నలేమో మా తాతకు వదినా అన్నా. తిట్టిన ప్రతిసారీ తిరిగి మనింటికే వస్తుంది.

శంషాబాద్ నుంచి తుక్కుగూడ దిక్కు పోతుంటే లోపలికి ఉంటుంది మా ఊరు. ఎర్రమట్టి, బండలు, ఆ బండల మధ్య టమాటాలు, ఆకుకూరలు. మా చేనుకూ పెద్దబాపు చేనుకూ నడుమ ఒక గట్టు. తాతలు పంచుకున్నప్పుడు దాని మీద ఎడ్లబండి పోయేదట. తర్వాత ఇటువైపు వాళ్లు ఇటు, అటువైపు వాళ్లు అటు, ప్రతి వానకాలం పారతో కాస్త కాస్త చెక్కుతూ వచ్చారు. చెక్కడాన్ని మా ఊళ్లో దొంగతనం అనరు, గట్టును సాఫు చెయ్యడం అంటారు. నా చిన్నప్పుడు దాని మీద మనిషి నడిచేవాడు. నేను డిగ్రీలో చేరేనాటికి మేక కూడా ఆలోచించుకుని ఎక్కేది.

ఒక మధ్యాహ్నం బాపు గట్టు మీద గడ్డి కోస్తున్నాడు. అవతల పెద్దబాపు గట్టును సాఫు చేస్తున్నాడు. మాటా మాటా పెరిగింది. ఎవరేమన్నారో ఇద్దరికీ సరిగా గుర్తులేదు, దెబ్బ మాత్రం గుర్తుంది. కొట్టాక పెద్దబాపు పార పడేసి, బాపును ఎత్తి తన సైకిలు వెనక కూచోబెట్టుకుని, ఎముకలు కట్టే ముసలాయన దగ్గరికి తనే తీసుకుపోయాడు. దారంతా "తమ్మీ, ఓర్సుకో, జర ఓర్సుకో" అంటూనే ఉన్నాడట. నిజానికి కథ అక్కడ అయిపోవాలి. కానీ ముసలాయన "ఎట్లయ్యింది?" అని అడిగాడు. పెద్దబాపు ఒక్క క్షణం ఆగి, "గట్టు మీదకెల్లి జారి పడ్డడు" అన్నాడు.

పార దెబ్బకంటే ఆ మాటే ఎక్కువ నొప్పి పెట్టిందని బాపు అంటాడు. ఆ సాయంత్రం నేను ఆ చెయ్యి చూశాను కాబట్టి ఆయన మాట నమ్మను. ఎముక రెండు వైపులకు రెండు అభిప్రాయాలతో ఉంది. కానీ బాపు ఠాణాకు పోయింది మాత్రం ఆ మాట కోసమే. "కొట్టిండు, సరే. కోపంల కొట్టిండు. కొట్టలేదంటడేంది?" అని ఒకటే పాట.

ముసలాయన వెదురుబద్దలు పెట్టి, కోడిగుడ్డు సొన పూసి కట్టు కట్టాడు. వారం వారం కొత్త కట్టు, కొత్త గుడ్లు. మాకు కోళ్లు లేవు. గుడ్లు పెద్దబాపు భార్య, మా పెద్దమ్మ దగ్గరినుంచి వచ్చేవి. మగవాళ్లు మాట్లాడుకోవడం మానేశారు గాని, రెండిళ్లకూ నడుమనున్న వెనక గోడ మీదుగా అమ్మా పెద్దమ్మా ఒక్కరోజు కూడా మానలేదు. పెద్దమ్మ గుడ్లు అందిస్తూ ఏడ్చేది, అమ్మ అందుకుంటూ ఏడ్చేది. తర్వాత ఇద్దరూ ముక్కు తుడుచుకుని కూరేం వండారో చెప్పుకునేవాళ్లు. అంటే కొట్టింది వాళ్లే, కట్టుకు సామాను పంపిందీ వాళ్లే. ఇంత సౌకర్యం పెద్ద దవాఖానలో కూడా ఉండదు.

కట్టు విప్పాక తేలింది ఏమిటంటే చెయ్యి భుజం దాటి లేవదు, వేళ్లు పూర్తిగా ముడుచుకోవు. ఏదైనా పట్టుకుంటే కాసేపటికి జారిపోతుంది. తలకు రుమాలు తనే చుట్టుకోలేడు. అప్పటినుంచి పొద్దున్నే బాపు గడప మీద కూచుంటే అమ్మ వెనక నిలబడి చుడుతుంది. మొదట్లో బాపు సిగ్గుపడి కళ్లు మూసుకునేవాడు. తర్వాత అమ్మ పనితనానికి వంకలు పెట్టడం మొదలుపెట్టాడు. అప్పుడు మాకు కాస్త ధైర్యం వచ్చింది.

కేసు పట్నంలో. పెద్దబాపు పట్నంలోనే ఒక సర్కారు ఆఫీసులో అటెండరు. పొద్దున సాయంత్రం చేను, నడుమ నౌకరి. శిక్ష పడితే ఆ నౌకరి పోతుంది. అందుకని ఆయన వకీలును పెట్టుకున్నాడు. వకీలు మొదటి రోజే నోరు తెరవొద్దని చెప్పాడట. పెద్దబాపు ఆ మాటను వకీలు ఊహించిన దానికంటే గట్టిగా పట్టుకున్నాడు. కోర్టులోనే కాదు, ఊళ్లో కూడా ఆ విషయం ఎత్తితే పెదవులు బిగించి ఆకాశం వైపు చూసేవాడు.

వాయిదాలు నడిచాయి. పొద్దున్నే పట్నం పోయే బస్సు మాకు ఒక్కటే. ఫిర్యాది, ముద్దాయి, సాక్షులు, అందరూ అదే ఎక్కాలి. పెద్దబాపు డ్రైవరు వెనక సీటు దగ్గర, బాపు వెనక తలుపు దగ్గర, నేను బాపు పక్కన. ఆరాంఘర్ వచ్చేసరికి బస్సు కిక్కిరిసి, అందరం ఒకరి మీద ఒకరం పడేవాళ్లం. న్యాయశాస్త్రం ఎంత దూరం పెట్టినా బస్సు దగ్గరికి తెచ్చేది. దిగాక కోర్టు ముందు ఒకే హోటల్లో చాయ్ తాగి, లోపలికి పోయి, మరో తారీఖు తెచ్చుకుని, మళ్లీ అదే బస్సులో వచ్చేవాళ్లం. ఒకసారి బాపు ఆలస్యంగా వస్తుంటే బస్సును ఆపమని డ్రైవరుకు చెప్పింది పెద్దబాపే. "ఫిర్యాది లేకుండ పోతే వాయిదా వడ్తది, మల్ల లీవు వెట్టాలె" అన్నాడట. అందులో ప్రేమ ఎంత, లీవు ఎంత అన్నది నాకు అంతుపట్టలేదు.

ఇట్లా కొన్ని దసరాలు గడిచాయి. దసరా అని ఎందుకు చెప్తున్నానంటే, మా దిక్కు జమ్మి పెట్టుకోవడం దసరానాడు. సాయంత్రం ఊరు ఊరంతా జమ్మిచెట్టు దగ్గరికి పోయి ఆకు తెంపుకుని వస్తుంది. చిన్నవాడు పెద్దవాడి చేతిలో ఆకు పెట్టి కాళ్లు మొక్కాలి, తర్వాత ఇద్దరూ కౌగిలించుకుని అలయ్ బలయ్. ఏడాదంతా ఎంత కొట్టుకున్నా ఆ రోజు ఆకు పెడితే పంచాయితీ ముగిసినట్టే. తప్పు ఎవరిదన్నది జమ్మికి పట్టదు, వయసు ఒక్కటే పడుతుంది. కాబట్టి పద్ధతి ప్రకారం బాపే పోయి, తన చెయ్యి విరగ్గొట్టినాయన చేతిలో ఆకు పెట్టి, ఆయన కాళ్లు మొక్కాలి. అన్ని దసరాలూ బాపు జమ్మి తెచ్చి, ఎవరికీ పెట్టకుండా మా దేవుడి గూట్లో పెట్టాడు.

ఇక ఇట్లా కాదని ఊరి పెద్దలు చావడి దగ్గర కూచోబెట్టారు. వాళ్లలో అందరికన్నా పెద్దమనిషిని ఊరంతా తాతా అనే పిలుస్తుంది. ఆయనకు చెవులు దాదాపు పనిచేయవు. రెండు పక్షాల మాటా వినపడదు కాబట్టి పక్షపాతం లేని మనిషని చుట్టుపక్కల మంచి పేరు. రావిర్యాల నుంచి కూడా పిలుచుకుపోయేవాళ్లు.

పెద్దబాపు తరఫున వకీలు చెప్పిన ఉపాయాన్ని పెద్దలు ముందు పెట్టారు. ఆ వకీలు కోస్తా నుంచి వచ్చినాయన. మాతో కూడా ఒకసారి చాయ్ హోటల్లో మాట్లాడాడు. "చూడండీ, ఇది రాజీకి వీలున్న కేసు కాదండీ. చట్టం ఒప్పుకోదు. మీరు బోనెక్కి, ఎవరు కొట్టారో చూడలేదని చెప్పేస్తే చాలు, అదే పోతుంది" అన్నాడు. చట్టం క్షమించనివ్వదు గాని మరిచిపోతే ఏమీ అనదు. చీకట్లో తగిలిందని చెప్పమన్నాడు మొదట. జరిగింది మధ్యాహ్నం కదండీ అని నేను గుర్తుచేశాను. ఆయన కొంచెం నొచ్చుకుని, "అయితే వంగి ఉన్నానని చెప్పండి" అన్నాడు.

చావడి దగ్గర బాపు అంతా విని, సరే అన్నాడు.

"మరి నీకేం గావాల్రా?" అన్నారు పెద్దలు.

"నాకేమొద్దు. నేనే కొట్టిన అని అన్న తన నోటితోని చెప్పాలె. ఊరందరి ముంగట."

"ఇదేం కోరికరా! అందరికి తెల్సిందే గద. మల్ల చెప్పుడెందుకు?"

"అందరికి తెల్సు. తెల్సి గూడ పడ్డడనే అంటరు. నాకు ఆయన చెప్పాలె."

తాత చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, "ఏమంటుండు?" అని పక్కాయన్ను అడిగాడు. పక్కాయన "ఒప్పుకుండు!" అని అరిచాడు. తాత తల ఊపి, మంచిదన్నాడు.

పెద్దబాపు నేలవైపు చూస్తూ, "కేసు నడుస్తున్నది. వకీలు నోరు తెర్వొద్దన్నడు" అన్నాడు.

"బువ్వ తినేటప్పుడు ఎట్ల మరి పెద్దబాపు?" అన్నాను నేను.

నలుగురు నవ్వారు. బాపు నావైపు తిరిగి, "నువ్వు జర నోరు మూస్కో. ఈడ నీ ఆట గాదు నడిచేది" అన్నాడు. మూసుకున్నాను.

బాపు మళ్లీ పెద్దబాపు దిక్కు తిరిగాడు. "సరే అన్నా. ముందుగాల కేసు సంగతి నేను జూస్త. నీ నౌకరికేం గాదు. దసరకు జమ్మి గూడ నేనే వట్టుకొని వస్త. అప్పుడు చెప్పు."

పెద్దబాపు తల ఊపాడో, ముక్కు మీది ఈగను తోలుకున్నాడో మాకు తెలియలేదు. పెద్దలు మాత్రం ఊపినట్టే లెక్క వేసుకుని లేచిపోయారు.

ఇంటికి వస్తూ నేను గొణిగాను. "బాపు, ముందు ఆయనతోని చెప్పించుకోవాలె, అటెంక నువ్వు కోర్టుల చెప్పాలె. ఉల్టా జేసినవు. రేపు కేసు పోయినంక ఆకాశం దిక్కు చూస్తే ఏం జేస్తవు?"

"ఏం జేస్త? నేను గూడ చూస్త."

"మస్కిరి గాదు బాపు."

"మస్కిరి నువ్వొక్కనివే జెయ్యాల్నా? అరె, మెడ వట్టి చెప్పిస్తే అది నా మాటైతది గని ఆయన మాటెట్లయితదిరా? నాకు ఆయన మాట గావాలె."

ఇది చాలా మంచి మాటే, కానీ దానికి కోర్టులో విలువ లేదు, బజార్లో లేదు, మా చావడిలో అసలే లేదు. నేను అదే చెప్పాను. బాపు చెప్పులు విదిలించుకుని లోపలికి పోయాడు.

బాపు బోనెక్కిన రోజు పెద్దబాపు నీళ్లకావి చొక్కా వేసుకుని ఎదురుగా నిలబడ్డాడు. సర్కారు వకీలు అడిగాడు:

"ఈ ముద్దాయి మీకు తెలుసా?"

"తెల్సు సార్. మా అన్న."

"ఆ రోజు మిమ్మల్ని పారతో కొట్టింది ఈయనేనా?"

బాపు పెద్దబాపును చూశాడు. పెద్దబాపు ఫ్యానును చూశాడు.

"నేను వంగి గడ్డి కోస్తున్న సార్. ఎన్కకెల్లి తగిలింది. ఎవరో చూడలె."

"పోలీసులకు ఈయన పేరే చెప్పారు కదా?"

"నొప్పిల ఏమేమో చెప్పిన సార్."

మెజిస్ట్రేటు తల ఎత్తకుండా రాసుకున్నాడు. ఆయనకు కొత్తేమీ కాదు. మా చుట్టుపక్కల చాలామంది వంగి గడ్డి కోస్తూనే వెనకనుంచి దెబ్బలు తింటారు. పచ్చగడ్డి ఇంత ప్రమాదకరమైందని వ్యవసాయశాఖకు ఇంకా తెలియదు.

బాపు బోను దిగి వరండాలోకి వచ్చి నీళ్లడిగాడు. చొక్కా వీపంతా తడిసిపోయింది. గ్లాసు ఎడమచేత్తో పట్టుకుని గటగటా తాగి, గోడకు ఆనుకుని, "అబద్ధం చెప్పుడు గింత కష్టమని నాకు తెల్వదురా. ఒక్కసారికే పానం వోయినట్టయ్యింది. అన్న ఇన్నేండ్ల సంది దినాం ఎట్ల మోసిండో" అన్నాడు.

గ్లాసు కడిగి ఇచ్చేశాను.

తిరుగు బస్సులో విపరీతమైన జనం. బాపు ఎడమచేత్తో పై కడ్డీ పట్టుకున్నాడు. ఆ రోజు పెద్దబాపు ముందు సీటు దగ్గరికి పోలేదు, పోవడానికి దారి లేదు కూడా. బాపు వెనకే నిలబడ్డాడు. ఒకచోట డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. బాపు కుడిచెయ్యి అలవాటు కొద్దీ కడ్డీ కోసం లేచింది, సగం దాకా లేచి ఆగిపోయింది. పడేవాడే. పెద్దబాపు వెనకనుంచి చొక్కా కాలరు పట్టుకున్నాడు. బస్సు సర్దుకుంది, కానీ ఆయన వదలలేదు. శంషాబాద్ దాకా పిల్లిపిల్లను పట్టుకున్నట్టు అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు.

కండక్టరు టికెట్లు కొడుతూ వచ్చి ఆ కాలరు వైపు అనుమానంగా చూశాడు. "ఏందన్నా, లొల్లా? మీరిద్దరు ఏమైతరు?"

ఇద్దరూ బయటికి చూశారు.

"నిన్నటిదాక ఫిర్యాది, ముద్దాయి. ఇయ్యాల్టి సంది అన్నదమ్ములు," అన్నాను. "మీరు టికెట్లియ్యిండ్రి."

కొన్నాళ్లకు కేసు కొట్టేశారు. పెద్దమ్మ గోడ మీదుగా పాయసం అందించింది. అమ్మ అందుకుంది. బాపు తిని, చక్కెర ఎక్కువైందన్నాడు. పెద్దబాపు దగ్గరినుంచి మాత్రం మాట రాలేదు. మా వాకిలి ముందునుంచి నౌకరికి పోయేటప్పుడు అడుగు కాస్త నెమ్మదయ్యేది. ఏదో అనబోతున్నట్టు దగ్గేవాడు. దగ్గు అయిపోగానే నడక వేగమయ్యేది. "పెద్దబాపుకు మందిప్పియ్యాలె" అన్నాను నేను ఒకరోజు. బాపు నవ్వలేదు. ఆ దసరాకు ఆయన ఎంత ఎదురుచూస్తున్నాడో అప్పుడు అర్థమైంది. కోర్టులో అబద్ధం చెప్పి వచ్చాడు. బదులుగా రావాల్సిన నిజం రాకపోతే, గట్టు మీదినుంచి జారిపడ్డవాడిగానే జీవితమంతా మిగిలిపోవాలి. అదీ, కొట్టిందెవరో చూడలేదని తనే బోనులో చెప్పి.

దసరా వచ్చింది. పొద్దున్నే అమ్మ కొత్త రుమాలు చుట్టింది. బాపు ఆ రోజు వంక పెట్టలేదు. మధ్యాహ్నం నేను బయటినుంచి వచ్చేసరికి పెరట్లో ఒక్కడే నిలబడి ఉన్నాడు. కుడిచేతి వేళ్ల మధ్య ఒక వేపరెమ్మ పెట్టుకుని ముందుకు చాపుతున్నాడు. రెమ్మ జారిపోతుంది. తీసి మళ్లీ పెట్టుకుంటున్నాడు. నన్ను చూసి, "దోమలున్నయి" అన్నాడు. నేను కూడా ఉన్నాయన్నాను.

సాయంత్రం ఊరంతా డప్పులతో జమ్మిచెట్టు దగ్గరికి పోయింది. పూజ అయింది, ఆకు తెంపుకున్నాం. తిరిగివచ్చి చావడి ముందు ఆగాం. అక్కడ అందరూ ఒకరికొకరు ఆకు పెట్టుకోవడం, మొక్కడం, కౌగిలించుకోవడం. ఏడాదిలో ఆ ఒక్క గంట మా ఊళ్లో అందరూ మంచివాళ్లు. పెద్దబాపు తాత పక్కన నిలబడి ఉన్నాడు. బాపు జనాన్ని తప్పించుకుంటూ అటు నడిచాడు. కొందరు మాటలు ఆపి చూశారు. డప్పులవాళ్లు సరిగ్గా అప్పుడే డప్పులు కాచుకోవడానికి గడ్డిమంట దగ్గరికి పోయారు. ఎవరూ కావాలని ఏర్పాటు చేయలేదు. చర్మం చల్లబడింది, అంతే.

బాపు ఎడమచేత్తో జమ్మి చాపాడు.

తాతకు చెవులు లేవు గాని కళ్లు బాగానే ఉన్నాయి. "ఏందిరా అది! పండుగ పూట ఎడమ చెయ్యితోని ఇస్తవా? జమ్మిరా అది, జమ్మి! కుడి చెయ్యి వెట్టు" అని కసురుకున్నాడు.

బాపు ఆకును కుడిచేతిలోకి మార్చుకున్నాడు. వేళ్లు సరిగా ముడుచుకోలేదు. చాపేలోపే ఆకు దుమ్ములో పడింది. ఎవరో "అయ్యో" అన్నారు. బాపు వంగబోయాడు గాని అంతకుముందే పెద్దబాపు వంగాడు. ఆకు తీసి, దుమ్ము ఊది, మళ్లీ బాపు ఎడమచేతిలోనే పెట్టాడు.

"ఎడమ చెయ్యితోనే ఇయ్యనియ్యి తాతా," అన్నాడు. గొంతు సన్నగా వచ్చింది. "కుడి చెయ్యి నేనే ఇర్గగొట్టిన."

అన్నాడు. అన్నాళ్లు మేం ఎదురుచూసిన మాట అదే. మూడడుగుల దూరంలో ఉన్నవాళ్లకే వినపడింది.

"ఏందీ?" అన్నాడు తాత.

పెద్దబాపు మళ్లీ అన్నాడు: "కుడి చెయ్యి... నేనే తాతా."

"జర గట్టిగ జెప్పరా. ఆడివిల్ల లెక్క గునుస్తవేంది?"

ఆడవాళ్లు మాట్లాడేటప్పుడు గోడ అవతలికి కూడా వినపడుతుందని తాతకు ఎవరూ చెప్పినట్టు లేదు. పెద్దబాపు చుట్టూ చూశాడు. ఆకాశం వైపు కూడా ఒకసారి చూశాడు, పాత అలవాటు. తర్వాత తాత చెవి దగ్గరికి పోయి, పొలంలో అవతలి చివరనున్న ఎడ్లను అదిలించే గొంతుతో అరిచాడు:

"వాని కుడి చెయ్యి నేనే ఇర్గగొట్టిన తాతా! పారతోని! వాడు పడలె! నేను కొట్టిన!"

చావడి ముందు ఒక్కసారి అందరూ ఆగిపోయారు. అవతల వాడకట్టులోంచి ఒక కుక్క మాత్రం జవాబిచ్చింది.

తాత పెద్దబాపు మొహంలోకి చూశాడు. తర్వాత బాపు చెయ్యి పట్టుకుని, మోచెయ్యి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అట్లనా?" అన్నాడు. "పడ్డడన్నరు గద! నాకెవ్వరు చెప్పలె."

ఠాణా, కోర్టు, పంచాయితీ అన్నీ దాటి వచ్చిన ఆ సంగతి ఊళ్లో నిజంగా తెలియనివాడు ఒక్కడే ఉన్నాడు. ఆ పంచాయితీ చెప్పింది ఆయనే.

ముందు నవ్వింది బాపు. నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు. పొగ అన్నాడు. మంట అవతల ఉంది, గాలి కూడా అటే పోతోంది. పోనీ, పొగే అనుకుందాం. ఎడమచేత్తో ఆకు పెద్దబాపు చేతిలో పెట్టి వంగబోతే, పెద్దబాపు భుజాలు పట్టుకుని ఆపి కౌగిలించుకున్నాడు. అలయ్ బలయ్‌కు రెండు చేతులూ పైకి లేవాలి. బాపుది ఒక్కటే లేచింది. రెండోది నడుమ దగ్గర ఇరుక్కుని, పెద్దబాపు పొట్టలో గుచ్చుకుంది. "అరె, మోచెయ్యి, మోచెయ్యి!" అన్నాడు పెద్దబాపు. "నువ్వు జేసిందే గద అన్నా," అన్నాడు బాపు. ఆ తోపులాటలో కొత్త రుమాలు ఊడి మెడమీదికి వచ్చింది. పెద్దబాపు చుట్టబోయాడు. నాలుగైదు మెలికలు తిప్పి, పెద్ద మూటలాంటిది ఒకటి బాపు తలమీద పెట్టాడు. దూరంనుంచి అమ్మ చూసి, "ఇగ ఆపుండ్రి బావా, ఇంటికొచ్చినంక నేను కడ్త" అంది.

డప్పులు మళ్లీ మొదలయ్యాయి. నేను కూడా పెద్దబాపు కాళ్లు మొక్కి ఆకు పెట్టాను. "నీ నోరు ఎన్నడు మూతవడ్తదిరా?" అన్నాడు. "మా వకీలు తెరిచే ఉంచుమన్నడు" అన్నాను. నెత్తిమీద ఒకటి మొట్టాడు. ఆ దెబ్బకు సాక్షులు చాలామంది ఉన్నారు గాని కేసు పెట్టలేదు.

తర్వాత ఒకరోజు రుమాలు చుట్టించుకుంటుంటే బాపును అడిగాను, పెద్దబాపును మాఫ్ చేసినవా అని.

"మాఫా? అదంత నాకు తెల్వదు. మబ్బు వట్టిందంటే చెయ్యి గుంజుతది, గప్పుడు వానిమీద కోపమొస్తది. ఎండ గొట్టంగనే పోతది," అన్నాడు. అమ్మ చుట్టిన రుమాలు తడుముకుని, "గని నేను పడ్డ అని ఎవ్వరంటలేరు సూడు" అన్నాడు.

నిజమే. ఇప్పుడు మా ఊళ్లో ఏదైనా పాత సంగతి చెప్పాల్సివస్తే, "మీ పెద్దబాపు మీ బాపును కొట్టిన ఏడు" అంటారు. పెద్దబాపు ఎదురుగా ఉన్నా అంటారు. ఆయన కూడా, "ఆ, ఆ ఏడే. టమాట మస్తు పండింది" అని అందుకుంటాడు.

గట్టు సంగతి మాత్రం తేలలేదు. ఈమధ్య మా దిక్కు విమానాశ్రయం కడతారని, భూములన్నీ తీసుకుంటారని ఒకటే ముచ్చట్లు. బస్సులో, హోటల్లో, బాలాపూర్ దాకా అదే. నిజమైతే చేన్లూ గట్టూ అన్నీ కలిపి చదును చేస్తారు. అన్నదమ్ములిద్దరికీ అది అర్థమయ్యే ఉంటుంది. అయినా మొన్న వాన పడగానే ఇద్దరూ అక్కడికి చేరి, చెరోవైపు నిలబడి, గట్టు ఎవరు ఎక్కువ చెక్కారన్నది గంటసేపు అరుచుకున్నారు. నేను దూరంనుంచి చూశాను. బాపు ఎడమచెయ్యి గాల్లో ఊపుతున్నాడు. పెద్దబాపు రెండు చేతులూ ఊపుతున్నాడు, రెండూ ఖాళీగానే ఉన్నాయి. గట్టు దగ్గరికి పోయేరోజు పారను పెద్దమ్మ మా ఇంట్లో పెట్టి తాళం వేయిస్తుంది.